తక్కువ ధర డ్యూయల్ కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలోనైనా, జగిత్యాలలోనైనా, మంచిర్యాలలోనైనా తక్కువ బడ్జెట్‌లో సిస్టమ్ కట్టించాలని అడిగితే కొటేషన్‌లో ముందుగా కనిపించేవి రెండు కోర్ల (లోపల పని చేసే భాగాలు రెండు ఉన్న) ప్రాసెసర్లే, అంటే డ్యూయల్ కోర్‌వే. ఇవి దేనికీ పనికిరావని కొట్టిపారేసేవాళ్లున్నారు, అన్నిటికీ సరిపోతాయని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నమ్మొద్దు. ఏ పనికి సరిపోతుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఆగితే అది ప్రాసెసర్ తప్పా, పక్కన పెట్టిన పార్టు తప్పా అన్నవే ఇక్కడి జవాబులు.

ఇక్కడ డ్యూయల్ కోర్ అంటే ఏ మోడళ్లు?

ఇంటెల్ వైపు పెంటియం గోల్డ్ జీ5400 (2018, 3.7 గిగాహెర్ట్జ్), జీ6400 (2020, 4.0), జీ7400 (2022, 3.7), 2024లో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ 300 (3.9). ఏఎండీ వైపు అథ్లాన్ 200జీఈ (2018, 3.2), అథ్లాన్ 3000జీ (2019, 3.5). అన్నిటికీ రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు (కోర్లు ఒకేసారి పట్టుకోగల పనుల వరుసలు). గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది కాబట్టి విడిగా కార్డు అక్కర్లేదు. వీటిలో దేనికీ టర్బో లేదు, రాసి ఉన్న వేగమే గరిష్ఠం.

గిగాహెర్ట్జ్ చూసి మాత్రం ఎంచుకోవద్దు. 3.7 మీద నడిచే జీ7400, 4.0 మీద నడిచే జీ6400 కంటే స్పష్టంగా వేగం. కోర్ డిజైన్ కొత్తది, క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) కూడా 4 ఎంబీ నుంచి 6 ఎంబీకి పెరిగింది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు జీ7400 గానీ ప్రాసెసర్ 300 గానీ తీసుకోవాలి. సెలెరాన్ జీ6900 ధర ఇంకా తక్కువే, కానీ అందులో రెండు కోర్లకు రెండే థ్రెడ్లు. ఆ మిగిలే కొద్ది డబ్బు కోసం దాని జోలికి వెళ్లకండి.

నాలుగు థ్రెడ్లు ఉంటే నాలుగు కోర్లు ఉన్నట్టే కదా?

కాదు. ఒక కోర్ మెమరీ నుంచి డేటా కోసం ఎదురుచూసే సందులో రెండో థ్రెడ్ పనిని నడిపిస్తుంది, అంతే. పనిని బట్టి దీనివల్ల ఒక పావు వంతు లాభం రావచ్చు, రెట్టింపు ఎప్పుడూ రాదు. టాస్క్ మేనేజర్‌లో నాలుగు గ్రాఫులు చూపించి "క్వాడ్ కోర్" అని చెప్పి అమ్మేవాళ్లుంటారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. "కోర్స్" అన్నచోట 2, "లాజికల్ ప్రాసెసర్స్" అన్నచోట 4 ఉంటే అది డ్యూయల్ కోరే.

రోజువారీ వాడకంలో చేతికి ఎలా అనిపిస్తుంది?

ఒక్క పని చేస్తున్నంతసేపు ఖరీదైన సిస్టమ్‌కూ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం. వర్డ్ తెరవడం, ఎక్సెల్‌లో కొన్ని వేల వరుసల షీటు, బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు, పీడీఎఫ్ ప్రింటు అన్నీ చకచకా అయిపోతాయి. ఇవన్నీ ఒక కోర్ వేగం మీదే ఆధారపడేవి, ఆ వేగం వీటికి బాగానే ఉంది.

ఇబ్బంది వెనుక ఇంకో పని మొదలైనప్పుడు వస్తుంది. విండోస్ అప్‌డేట్ ఒక కోర్‌ను పట్టుకుంది, యాంటీవైరస్ స్కాన్ రెండోదాన్ని పట్టుకుంది అనుకోండి, మీరు నొక్కిన క్లిక్ వరుసలో నిలబడుతుంది. మౌస్ కదులుతూనే ఉంటుంది, కిటికీ మాత్రం తెరుచుకోదు. ఆరు కోర్ల సిస్టమ్‌లో ఈ రెండూ నడిచినా మీకు తెలియదు, ఎందుకంటే ఇంకా నాలుగు కోర్లు ఖాళీగా ఉంటాయి. కాబట్టి డ్యూయల్ కోర్ హాయిగా నడవాలంటే వెనుక నడిచేవాటిని అదుపులో పెట్టాలి. ఇది ఒక్కటి చేస్తే చాలామంది ఫిర్యాదులు సగానికి తగ్గుతాయి.

పొద్దున ఆన్ చేయగానే పావుగంట దాకా నత్తనడక. ఎందుకు?

రాత్రి షాపు మూసి మెయిన్ ఆఫ్ చేసి వెళ్తారు. విండోస్ తన రోజువారీ శుభ్రతా పనులకు పెట్టుకున్న టైమ్ తెల్లవారుజామున 2 గంటలు. అప్పుడు సిస్టమ్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ఆ బాకీ అంతా పగలు, మీరు వాడే టైమ్‌లో తీర్చుకుంటుంది. దీన్ని మార్చుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో సెక్యూరిటీ అండ్ మెయింటెనెన్స్ తెరిచి, మెయింటెనెన్స్ కింద చేంజ్ మెయింటెనెన్స్ సెట్టింగ్స్ నొక్కి, టైమ్ మధ్యాహ్నం 1 లేదా 2 పెట్టండి. భోజనానికి వెళ్లేటప్పుడు సిస్టమ్ ఆన్‌లోనే వదిలేయండి, దాని పని అది చూసుకుంటుంది.

తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ భాగానికి వెళ్లి అవసరం లేనివి డిసేబుల్ చేయండి. ప్రింటర్ కంపెనీ వేసిన సహాయక ప్రోగ్రాం, టీమ్స్, వన్‌డ్రైవ్, టొరెంట్, ఆట లాంచర్లు సాధారణంగా అక్కడే తిష్ఠ వేసి ఉంటాయి. వేలిముద్ర పరికరానికి చెందిన సర్వీస్‌ను మాత్రం ముట్టుకోవద్దు, అది ఆగితే ఆధార్ అథెంటికేషన్ పని చేయదు. రెండు యాంటీవైరస్‌లు ఎప్పుడూ వేయొద్దు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఈ ప్రాసెసర్లకు సరిపోతుంది.

ఇవన్నీ చేసినా సీపీయూ 100 శాతం చూపిస్తుంటే ప్రాసెసెస్ లిస్టులో సీపీయూ కాలమ్ మీద నొక్కి పైన ఏముందో చూడండి. బ్రౌజరే పైన ఉంటే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ తింటోందో పేరుతో సహా కనిపిస్తుంది.

ప్రాసెసర్‌కు తోడు ర్యామ్, స్టోరేజ్ ఎంత పెట్టాలి?

ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవ్) లేకుండా ఈ సిస్టమ్ కట్టించొద్దు. హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 వేస్తే డిస్క్ 100 శాతం దగ్గరే నిలిచిపోతుంది, ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది, నింద మాత్రం ప్రాసెసర్ మీద పడుతుంది. 256 జీబీ ఎస్ఎస్‌డీ ఆఫీసు పనికి చాలు. పెద్ద ఫైళ్లుంటే పాత హార్డ్ డిస్క్‌ను రెండో డ్రైవ్‌గా పెట్టుకోండి. కేబుల్‌తో కలిపే సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, నేరుగా బోర్డు మీద దిగే ఎన్‌వీఎంఈ రకం దానికి ఎన్నో రెట్లు. అయినా ఈ ప్రాసెసర్ మీద రోజువారీ పనుల్లో ఆ రెండిటి మధ్య తేడా చేతికి పెద్దగా తెలియదు. రెండిటి ధరా దగ్గర దగ్గరగా ఉండి బోర్డు మీద ఎం.2 స్లాట్ ఉంటే ఎన్‌వీఎంఈ తీసుకోండి. డ్రైవ్‌లో కనీసం 15 శాతం ఖాళీ వదలండి, నిండిన ఎస్ఎస్‌డీ నెమ్మదిస్తుంది.

ర్యామ్ 8 జీబీ కనీసం. 4 జీబీతో విండోస్ 11 ఇన్‌స్టాల్ అవుతుంది, కానీ క్రోమ్ తెరవగానే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. జీ7400, ప్రాసెసర్ 300లకు వాడే హెచ్610 మదర్‌బోర్డుల్లో సాధారణంగా రెండే స్లాట్లు. ఇంటెల్ అయితే ఇప్పుడు 8 జీబీ స్టిక్ ఒకటి వేసి, తర్వాత ఇంకోటి కలపొచ్చు. అథ్లాన్ అయితే మొదట్నుంచే రెండు స్టిక్కులు వేయండి. దాని వేగా 3 గ్రాఫిక్స్ ర్యామ్ మీదే బతుకుతుంది, ఒక్క స్టిక్‌తో ఆటల్లో ఫ్రేములు బాగా పడిపోతాయి. అదే అథ్లాన్‌లో 8 జీబీ వేస్తే విండోస్ 5.9 జీబీ మాత్రమే వాడకానికి ఉందని చూపించొచ్చు. స్టిక్ పాడైందని కంగారు పడొద్దు, 2 జీబీ గ్రాఫిక్స్‌కు పక్కన పెట్టారన్నమాట. ఆటలు ఆడనివాళ్లు బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజును 512 ఎంబీకి తగ్గిస్తే మిగతాది తిరిగి వస్తుంది.

ఇంకో జాగ్రత్త. హెచ్610 బోర్డులు డీడీఆర్4కి వేరు, డీడీఆర్5కి వేరు. ఒకదాని స్టిక్ ఇంకోదానిలో దిగదు. బోర్డు పూర్తి పేరు చూసి ర్యామ్ కొనండి.

యూట్యూబ్ వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయి. నెట్ బాగానే ఉంది.

ముందు డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవరే పడలేదు. నెట్ లేకుండా విండోస్ వేసి ఇచ్చేసిన సిస్టమ్స్‌లో ఇది మామూలే. అప్పుడు తెర మీది ప్రతి చుక్కా ప్రాసెసరే గీయాలి. ఇంటెల్ లేదా ఏఎండీ డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి.

డ్రైవర్ ఉండీ ఆగుతుంటే వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నర్డ్స్ తెరవండి. కోడెక్ (వీడియోను కుదించిన పద్ధతి) లైన్‌లో ఏవీ01, అంటే ఏవీ1, అని ఉంటే కారణం దొరికినట్టే. ఏవీ1 వీడియోను విప్పే సర్క్యూట్ జీ7400, ప్రాసెసర్ 300లలోని యూహెచ్‌డీ 710 గ్రాఫిక్స్‌లో ఉంది. జీ5400, జీ6400లలోని యూహెచ్‌డీ 610లో లేదు, అథ్లాన్‌ల వేగా 3లోనూ లేదు. అవి వీపీ9, హెచ్.264ను మాత్రం హాయిగా విప్పుతాయి. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ అండ్ పర్ఫార్మెన్స్‌కు వెళ్లి, ఏవీ1ను ఎస్‌డీకి మాత్రమే వాడమనే ఆప్షన్ పెట్టండి. హెచ్‌డీ వీడియోలు వీపీ9లో వస్తాయి, సీపీయూ ఒక్కసారిగా దిగుతుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

మీసేవ, డీటీపీ, టాలీ పనులకు సరిపోతుందా?

సరిపోతుంది. మీసేవ కౌంటర్ పని అంతా బ్రౌజర్, స్కానర్, వేలిముద్ర పరికరం, ప్రింటర్. భూ రికార్డుల భూభారతి పేజీ తెరుచుకోవడం ఆలస్యమైతే అది చాలాసార్లు సర్వర్ దగ్గరి ఆలస్యమే, ఐ7 పెట్టినా అంతే. ముందు టాస్క్ మేనేజర్ చూడండి. సీపీయూ పది, ఇరవై శాతం దగ్గర ఉండి పేజీ తిరుగుతుంటే డబ్బు పెట్టాల్సింది ప్రాసెసర్ మీద కాదు.

పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లే నడుస్తున్నాయి. 2001 నాటి పేజ్‌మేకర్‌కు ఒక్క కోర్ చాలు, అది ఎంత వేగమైతే అంత మంచిది. కాబట్టి ఈ పనికి జీ7400 నిజంగా మంచి ఎంపిక. ఫ్లెక్సీ డిజైన్లు వేరే సంగతి. పది అడుగుల బ్యానర్‌ను పెద్ద రిజల్యూషన్‌లో ఫోటోషాప్‌లో తెరిస్తే ముందు ర్యామ్ నిండుతుంది, ఆ తర్వాత ఫిల్టర్ వేసిన ప్రతిసారీ రెండు కోర్లూ నిండుతాయి. ఆ పని రోజూ ఉంటే 16 జీబీ ర్యామ్, నాలుగు కోర్లు పెట్టాల్సిందే.

టాలీ కూడా ఒక కోర్ వేగాన్ని, డిస్క్‌ను నమ్ముకున్న సాఫ్ట్‌వేరే. ఏనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి సీజన్‌లో రోజంతా బిల్లులు కొట్టే అడ్తి దుకాణానికి డ్యూయల్ కోర్, ఎస్ఎస్‌డీ చాలు. రెండు మూడు సిస్టమ్‌లు ఒకే డేటాను పంచుకుంటుంటే, డేటా ఉన్న సిస్టమ్‌కు ఎస్ఎస్‌డీ, వైఫై బదులు కేబుల్ పెట్టడం వల్ల వచ్చే లాభం ప్రాసెసర్ మార్చినా రాదు.

ఇంజనీరింగ్, డిగ్రీ పిల్లల చదువుకు?

సీ, పైథాన్, జావా, వీఎస్ కోడ్, డేటాబేస్ ల్యాబ్, ఆన్‌లైన్ క్లాసులు, దోస్త్, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు అన్నిటికీ చాలు. ఆండ్రాయిడ్ స్టూడియో దగ్గర కష్టం. ఎమ్యులేటర్ మొదలైతే మిగతాదంతా ఆగిపోతుంది. ఎమ్యులేటర్ మానేసి, మీ ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్‌తో కలిపి అందులోనే యాప్ నడపండి. కంప్యూటర్ సైన్స్‌లో చేరిన పిల్లలకు నాలుగేళ్ల కోసం కొంటుంటే మాత్రం మా మాట విని నాలుగు కోర్ల ఐ3 తీసుకోండి.

ఆటలు, వీడియో ఎడిటింగ్?

పాత ఆటలు నడుస్తాయి, కొత్తవి నడవవు. ఫోన్ ఆటల్ని ఎమ్యులేటర్‌లో ఆడాలనుకుంటే ఇది వద్దు. పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కు, ఆల్బమ్ డిజైన్‌కు అస్సలు వద్దు. పైగా జీ5400, జీ6400లలో ఏవీఎక్స్2 (భారీ లెక్కలను వేగంగా చేసే ఆదేశాలు) లేవు, వాటిని అడిగే సాఫ్ట్‌వేర్ ఆ ప్రాసెసర్ల మీద తెరుచుకోదు. జీ7400లో, అథ్లాన్‌లలో ఉన్నాయి.

అదే ధరకు "ఐ5 సిస్టమ్" ఇస్తామంటున్నారు. అది మంచిదా, కొత్త పెంటియమా?

పూర్తి నంబర్ అడగండి. ఆ ధరకు వచ్చే ఐ5 సాధారణంగా 2011 నాటి 2400 గానీ 2012 నాటి 3470 గానీ అయి ఉంటుంది, కింద హెచ్61 బోర్డు, డీడీఆర్3 ర్యామ్. నాలుగు కోర్లు నిజమే. కానీ ఒక్కో కోర్ వేగంలో జీ7400 చాలా ముందుంది. 3470కి విద్యుత్ రేటింగ్ 77 వాట్లు, జీ7400కి 46. ఆ పాత గ్రాఫిక్స్ వీపీ9ను విప్పలేదు, యూట్యూబ్ భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. విండోస్ 11కు అధికారిక మద్దతూ లేదు. బోర్డు పోతే అలాంటి బోర్డే మళ్లీ వెతకాలి. ఎస్ఎస్‌డీ, 8 జీబీ వేసి చాలా తక్కువకు ఇస్తే పిల్లల టైపింగ్ ప్రాక్టీసుకు తీసుకోండి. కౌంటర్ మీద పెట్టి సంపాదించుకునే సిస్టమ్‌కు మాత్రం కొత్త పెంటియమే.

విండోస్ 11 పడుతుందా?

జీ5400 నుంచి పైకి ఇంటెల్‌వి, అథ్లాన్ 3000జీ మద్దతు జాబితాలో ఉన్నాయి. అథ్లాన్ 200జీఈ, 2017 నాటి పెంటియం జీ4560 లేవు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇది చూసుకోవాలి. టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) లేదని విండోస్ చెబితే విడిగా చిప్ కొనక్కర్లేదు. బయాస్‌లో ఇంటెల్‌కు పీటీటీ, ఏఎండీకి ఎఫ్‌టీపీఎం ఆన్ చేస్తే చాలు.

మేలో మా దగ్గర 44 డిగ్రీలు. ప్రాసెసర్ తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది, కూలర్ శుభ్రంగా ఉంటే. గది 42 ఉంటే ప్రాసెసర్ అంతకంటే చల్లగా ఉండలేదు. ఖాళీగా ఉన్నప్పుడు 50 దగ్గర, పూర్తి భారంలో 70 దగ్గర కనిపిస్తే కంగారు అక్కర్లేదు. 90 దాటుతుంటే ఏదో తేడా ఉంది. హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, దాన్నే మనం "ఎండాకాలం సిస్టమ్ స్లో అయింది" అంటాం. హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూసుకోవచ్చు.

మన వైపు అసలు శత్రువు పత్తి నూగు. జిన్నింగ్ మిల్లుల దగ్గర, పత్తి సీజన్‌లో మార్కెట్ రోడ్ల మీద షాపుల్లో, ఫ్యాన్ కింది అల్యూమినియం రెక్కల మధ్య ఈ నూగు దుమ్ముతో కలిసి మందపాటి బట్టలా పరుచుకుంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కిందికి దిగదు. రైస్ మిల్లుల దగ్గర ఊక దుమ్ముతోనూ ఇదే గొడవ. అలాంటి చోట రెండు నెలలకోసారి, ఇంట్లో అయితే ఆరు నెలలకోసారి శుభ్రం చేయాలి. ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో రెక్కల మధ్య నూగు లేపి, బ్లోయర్‌తో ఊదండి. ఫ్యాన్‌ను వదిలేసి ఊదితే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది. ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) విప్పొద్దు, బయటి నుంచే ఊదండి.

కూలర్ తీస్తే పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో శనగ గింజలో సగమంత కొత్త పేస్టు పెట్టండి. ఇంటెల్ కూలర్‌కు నాలుగు పిన్నులుంటాయి. ఎదురెదురు మూలలు చొప్పున టక్‌మనేదాకా నొక్కి, బోర్డు వెనుక నాలుగు తెల్ల కాళ్లూ బయటికొచ్చాయో లేదో చూడండి. ఒక్కటి దిగకపోయినా కూలర్ ఒక వైపు లేచి ఉంటుంది. కూలర్ మార్చాక వేడి పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అథ్లాన్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎండిన పేస్టుకు అతుక్కుని సాకెట్ నుంచి ఊడి వస్తే వంగిపోతాయి. సిస్టమ్‌ను పది నిమిషాలు నడిపి, ఆఫ్ చేసి, వేడి మీద కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

కరెంటు, యూపీఎస్ ఎంత కావాలి?

మానిటర్‌తో కలిపి మామూలు పనిలో 50 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. రోజుకు 8 గంటలు నడిపినా నెలకు 12 యూనిట్లు. 600 వీఏ యూపీఎస్ చాలు, బ్యాటరీ బాగుంటే అరగంట దాకా లాగొచ్చు. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించొద్దు. రోలర్ వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ ట్రిప్ అవుతుంది, సిస్టమ్ కూడా ఆగిపోతుంది. ముట్టుకుంటే క్యాబినెట్ జివ్వుమంటే ఎర్తింగ్ లేదని అర్థం, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

సీసీ కెమెరాలు ఇదే సిస్టమ్‌లో చూడొచ్చా?

చూడొచ్చు. ఎనిమిది కెమెరాల మెయిన్ స్ట్రీమ్ (పూర్తి నాణ్యత వీడియో) ఒకేసారి తెరిస్తే సీపీయూ నిండిపోతుంది. అన్నీ కనిపించే తెరకు సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) పెట్టి, ఒకదాన్ని పెద్దది చేసినప్పుడే మెయిన్ స్ట్రీమ్ వచ్చేలా సెట్ చేయండి.

తర్వాత పెద్ద ప్రాసెసర్ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, బోర్డును బట్టి. జీ7400 ఉన్న హెచ్610 బోర్డులో ఐ3 12100, ఐ5 12400 పడతాయి, బయాస్ అప్‌డేట్ చేస్తే 13, 14వ తరాలవి కూడా. జీ6400 ఉన్న హెచ్410 బోర్డు ఐ5 10400 లాంటి పదో తరం వాటికి సరిపోతుంది. బీ450 బోర్డు మీద అథ్లాన్ 3000జీ ఉంటే, అప్‌డేట్ తర్వాత రైజెన్ 5 5600జీ దాకా వెళ్లొచ్చు. ఏది కొనే ముందైనా బోర్డు కంపెనీ సైట్‌లో ఆ మోడల్ సీపీయూ జాబితా, పక్కనే రాసి ఉన్న బయాస్ వెర్షన్ చూసుకోండి. పాత బోర్డు నుంచి తీసిన కూలర్ హెచ్610కి పనికొస్తుందనుకోవద్దు. హెచ్610 సాకెట్ చుట్టూ రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు, అంతకుముందు ఇంటెల్ బోర్డులకు 75.

బయాస్ అప్‌డేట్‌ను పాత ప్రాసెసర్ ఉండగానే, యూపీఎస్ మీద పెట్టి చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. అప్‌డేట్ అయ్యి, సిస్టమ్ ఒకసారి ఆన్ అయ్యి, కొత్త వెర్షన్ నంబర్ తెర మీద కనిపించాకే పాత ప్రాసెసర్ తీయండి.